చెన్నపట్నంలో భూమిని కొలిచిన చోట్లు

ఊరు చూడవచ్చిన చుట్టాలను మనవారు ఎక్కడెక్కడికి తీసుకొని పోతారో చెప్పనక్కరలేదు. తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి, మైలాపూరు కపాలీశ్వరుడు, మెరీనా సముద్రతీరం, ఓపిక మిగిలితే ఎగ్మూరు మ్యూజియం, ఆపైన టీనగరులో చీరల అంగళ్లు. ఇవన్నీ చూడదగినవే. అయితే ఈ పట్నంలో మరి రెండు చోట్లున్నవి. ఒకటి నుంగంబాకంలోని రాతిస్తంభం, రెండవది పరంగికొండ. రెండూ బీచి నుంచి తాంబరం పోయే రైలుదారికి చేరువలోనే ఉన్నవి. ఒక్క పూటలో రెండూ చూసి రావచ్చును. భూమి ఎంత లావు, ఏ ఆకారం, మన ఊరు దానిమీద సరిగ్గా ఎక్కడ ఉన్నది అనే ప్రశ్నలకు జవాబులు వెదికిన చోట్లివి. వెదికిన దారి ఏమిటో చెప్పాలంటే పెద్ద చదువు అక్కరలేదు. మెట్రిక్ దాకా చదివి గుమాస్తాగిరీలో చేరిన నావంటివానికి అందినది మీకూ, మీ పిల్లలకూ అందకపోదు.

మొదట నుంగంబాకం. కాలేజీ రోడ్డులో వాతావరణ శాఖవారి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. తుపాను వస్తున్నదంటే పత్రికలవారు పరుగెత్తేది అక్కడికే. ఆ ఆవరణలోనే ఒకప్పుడు మదరాసు నక్షత్రశాల ఉండేది. విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి 1786లో ఎగ్మూరులో తన సొంత ఇంటిలో దూరదర్శినులు పెట్టుకొని గ్రహాలను చూసేవాడు. ఆ పనిని ఈస్టిండియా కంపెనీ తన చేతిలోకి తీసుకొని, 1792లో నుంగంబాకంలో కట్టడం కట్టించింది. కట్టించినవాడు మైకేల్ టాపింగ్. ఈయన పేరు మన తెలుగువారు గుర్తుంచుకోదగినది. కృష్ణా గోదావరి ప్రాంతాలను నీటిపారుదల కోసం తొలుత సర్వే చేసినవాడాయన. 1794లో ఆయన మదరాసులో పెట్టిన సర్వే బడియే పెరిగి పెరిగి నేటి గిండీ ఇంజనీరింగు కాలేజీ అయినది. 1796లో మచిలీపట్నంలో జ్వరంతో కన్నుమూసినాడు.

నక్షత్రశాల 1899లో కొడైకెనాలుకు తరలిపోయింది. పాత కట్టడం ఇప్పుడు లేదు. మిగిలినది నల్లరాతి స్తంభం. పదిహేను అడుగులకు పైబడిన ఎత్తు, దాదాపు పది టన్నుల బరువు. దానిమీద టాపింగు పేరు, 1792వ సంవత్సరం చెక్కి ఉన్నవి. సర్కారు ఆవరణ గనుక ముందుగా అనుమతి అడిగి పోవలెను. షోలాపూరు నుంచి మా మేనల్లుడు వచ్చినప్పుడు అతనినీ, మా అమ్మాయినీ వెంటబెట్టుకొని పోయినాను. స్తంభాన్ని చూసి మేనల్లుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఒక దూరదర్శినిని నిలబెట్టడానికి ఇంత రాయి ఎందుకు మామా? నాలుగు కాళ్ల బల్ల చాలదా?" అని.

మంచి ప్రశ్నే. లెక్కవేసి చూడండి. ఒక మీటరు పొడవు గల దూరదర్శినిలో ఒక కొస ఒకే ఒక్క మిల్లీమీటరు కదిలిందనుకోండి. చూపు దాదాపు మూడున్నర కోణ నిమిషాలు పక్కకు పోతుంది. ఒక డిగ్రీలో అరవై నిమిషాలు గదా. మూడున్నర నిమిషాలంటే అల్పమే అనిపిస్తుంది. కాని భూమిమీద దాని విలువ ఆరు కిలోమీటర్లకు పైన. అనగా యంత్రం మిల్లీమీటరు జరిగితే పటంలో పరంగికొండ పోయి మీనంబాకం దాటి కూర్చుంటుంది. నేలమీద మనుషులు నడిస్తే అదురు, బండి పోతే అదురు, చెక్క ఎండకు వంగుతుంది, వానకు ఉబ్బుతుంది. అందుచేత గది నేలతో సంబంధం లేకుండా ఒంటిరాయిని లోతుగా పాతి, దాని తలమీద యంత్రాన్ని ఉంచినారు. కొలతలో మొదటి పాఠం ఇదే. కొలిచేవాడు కదలకుండా నిలబడితేనే కొలిచేదాని కదలిక తెలుస్తుంది.

ఇక్కడ ఏమి కొలిచేవారు? ముఖ్యంగా కాలం. నక్షత్రం తూర్పున పొడిచి, నడినెత్తి రేఖను దాటి, పడమట వాలుతుంది. తిరిగేది నక్షత్రం కాదు, మన భూమి. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాలు. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే దేశాంతర రేఖ అనే మాటకు జడియనక్కరలేదు. మన ఊరిలో సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు, ఇంగ్లండులో గ్రీనిచ్‌లో ఎంత వేళ అయినదో తెలిస్తే చాలు. ఆ వేళల తేడాను డిగ్రీలుగా మార్చుకుంటే మన ఊరు అక్కడికి ఎంత తూర్పున ఉన్నదో తేలుతుంది.

అయితే ఆ రోజులలో గ్రీనిచ్ వేళ మదరాసుకు తెలిసేదెట్లా? తంతి లేదు, రేడియో లేదు. వారికి దొరికిన గడియారం ఆకాశంలోనే ఉన్నది. బృహస్పతి చుట్టూ చందమామలు తిరుగుతుంటవి. అవి దాని నీడలోకి పోయి మాయమవుతవి, మళ్లీ బయటికి వస్తవి. ఆ మాయమయ్యే క్షణం భూమిమీద చూసేవారందరికీ ఒక్కటే. మదరాసులో చూసినవాడు తన స్థానిక వేళను వ్రాసుకొంటాడు, గ్రీనిచ్‌లో చూసినవాడు తన వేళను వ్రాసుకొంటాడు. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే తేడా తేలుతుంది. టాపింగు తరువాత నక్షత్రశాల పెత్తనం వహించిన జాన్ గోల్డింగ్‌హామ్ ఇటువంటి వేధలెన్నో చేసి, 1802లో మదరాసు దేశాంతరాన్ని 80 డిగ్రీల 18½ నిమిషాలుగా నిర్ణయించినాడు. కాలంలో చెప్పాలంటే గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. నేటి కొలతలలో స్తంభం ఉన్నచోటు 80 డిగ్రీల 15 నిమిషాలకు ఇంచుక లోపల. కాలంలో పదిహేను సెకన్లు తేడా వచ్చినది. నేలమీద ఆరేడు కిలోమీటర్లు. ఎనిమిదివేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రెండు ఊళ్ల నడుమ, ఒక చుక్క ఆరిపోవడాన్ని చూసి కట్టిన లెక్కకు ఇది ఏమంత తప్పు కాదు.

ఆ నుంగంబాకపు వేళయే మదరాసు టైము అయినది. మన దేశపు రైళ్లు చాలాకాలం ఆ టైము ప్రకారమే నడిచినవి. 1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల రేఖను పట్టుకొని దేశమంతటికీ ఒకే టైము వచ్చినది. ఆ రేఖ మన తెలుగుదేశంలో తుని ప్రాంతం మీదుగా పోతుంది. మీ చేతి గడియారంలోని పన్నెండు గంటలు నిజానికి తునివారి పన్నెండు గంటలన్నమాట. చెన్నైలో సగటున సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం 12 గంటల 9 నిమిషాలు చూపుతుంది.

ఆ స్తంభం దగ్గరే గోల్డింగ్‌హామ్ 1821లో మరొక ప్రయోగం చేసినాడు. లోలకంతో. గోడగడియారంలో ఊగే గుండు అందరమూ చూసినదే. గుండు ఎంత బరువు ఉన్నా ఊపుకు పట్టే కాలం మారదు. దానిని నిర్ణయించేవి రెండు. లోలకం పొడవు ఒకటి, భూమి ఆకర్షణ మరొకటి. పొడవును మారకుండా పట్టుకొని ఊగులు లెక్కపెడితే ఆ చోట భూమి ఆకర్షణ ఎంతో బయటపడుతుంది. సరిగ్గా సెకనుకు ఒక వైపు ఊగే లోలకం లండనులో దాదాపు 39.14 అంగుళాలుండవలెను. మదరాసులో దాదాపు 39.02 అంగుళాలు చాలును. తేడా మూడు మిల్లీమీటర్లు. అనగా లండనులో సరిచేసిన లోలకపు గడియారాన్ని అలాగే తెచ్చి చెన్నపట్నంలో వ్రేలాడదీస్తే, దినానికి రెండు నిమిషాలకు పైగా వెనకబడుతుంది. గడియారంలో లోపమేమీ లేదు. ఇక్కడ భూమి కొంచెం మెల్లగా లాగుతున్నది, అంతే.

ఎందుకు మెల్లగా? రెండు కారణాలు. బొంగరం మీద నీటిబొట్టు వేస్తే విసిరికొట్టినట్లు పోతుంది గదా. భూమి తిరుగుడు వల్ల నడిమి రేఖకు దగ్గరగా ఉన్నవాటికి అటువంటి విసురు ఎక్కువ. ధ్రువాల దగ్గర లేనే లేదు. ఈ విసురు ఆకర్షణలో కొంత భాగాన్ని తినివేస్తుంది. ఇది ఒకటి. ఇట్లా యుగాల తరబడి విసరబడిన భూమి నడుము దగ్గర లావెక్కింది. నడుము దగ్గరి వ్యాసార్ధం ధ్రువాల దగ్గరి దానికంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. నడుముకు దగ్గరగా ఉన్న మనం భూకేంద్రానికి అంత మేర దూరంగా ఉన్నాం. దూరమైనకొద్దీ లాగుడు తగ్గుతుంది. ఇది రెండవది. ఒక గదిలో కూర్చుని, ఒక గుండు ఊగులు లెక్కపెట్టి, భూమి బత్తాయివలె నొక్కుకొని ఉన్నదని చెప్పగలిగినారంటే విశేషం కాదా?

ఇప్పుడు పరంగికొండకు పోదాం. రైలు దిగి నడిస్తే కంటోన్మెంటు వీధులు, వాటి వెనుక కొండ. కొండ అనేదే గాని ఎత్తు మూడువందల అడుగులే. తమిళంలో పరంగిమలై. పరంగులంటే పోర్చుగీసువారు. వారు 1523లో కట్టిన మాత గుడి పైన ఉన్నది. ఏసు శిష్యుడైన తోమయ్య ఇక్కడనే ప్రాణం విడిచినాడని క్రైస్తవుల నమ్మకం. మెట్లెక్కి పైకి పోతే ఒక పక్క విమానాశ్రయం, మరొక పక్క అడయారు నది, తూర్పున సముద్రపు గీత. పైన విలియం లాంబ్టన్ అనే దొర అర్ధవిగ్రహం ఒకటి ఉన్నది. భక్తులు గుడికి పోతారు, పిల్లలు విమానాలు చూస్తారు. ఈ విగ్రహం ఎవరిదని అడిగేవారు తక్కువ.

1802 ఏప్రిల్ 10న ఈ కొండ క్రింద మైదానంలో లాంబ్టన్ ఒక గొలుసు పరిచినాడు. నూరు అడుగుల ఉక్కు గొలుసు. కొండ దగ్గరినుంచి దక్షిణంగా పెరుంబాక్కం గుట్టదాకా, ఏడున్నర మైళ్ల తిన్నని గీత. గొలుసును నాలుగువందలసార్లు ఎత్తి పరవవలసి వచ్చినది. పని ముగియడానికి 57 రోజులు పట్టినది. ఆ గీతనుంచే మన దేశపు మహా త్రికోణ సర్వే మొదలైనది.

"ఏడున్నర మైళ్లకు 57 రోజులా? నేను సాయంత్రానికి నడిచి వస్తాను నాన్నా!" అన్నది మా అమ్మాయి. నడవడం వేరు, కొలవడం వేరు. చెన్నపట్నంలో ఏప్రిల్, మే మాసాల ఎండ మీకు తెలుసు. ఉక్కు ఎండకు సాగుతుంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే లక్ష అడుగులకు ఒక అడుగు, ఆపైన కొంచెం. నూరు అడుగుల గొలుసు మీద పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు హెచ్చితే అది సాగేది మూడున్నర మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. కాని నాలుగువందలసార్లు పరిస్తే అది కూడి కూడి దాదాపు ఐదు అడుగులవుతుంది. రైలుపట్టాల మధ్య సందు విడిచేది ఈ కారణానికే. అందుచేత గొలుసును చెక్కపెట్టెలలో పరిచి, ముక్కాలి పీటలమీద సమంగా నిలిపి, పైన గుడారం నీడ పట్టి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, ఒక్కొక్క పరుపుకూ వేడిమి వ్రాసుకొంటూ పోయినారు. ప్రతి కొలతనూ ఆ వేడిమికి తగినట్లు తరువాత సరిచేసినారు. ఖాతా పుస్తకంలో దమ్మిడీ తేడా వస్తే పెద్ద గుమాస్తా నిద్రపోనివ్వడు చూడండి, అదే పద్ధతి.

ఇంత శ్రమ ఒక్క గీతకు ఎందుకంటే, అది ఒక్కటి కొలిస్తే మిగతా దేశాన్ని గొలుసుతో కొలవనక్కరలేదు. త్రికోణం అనే రూపానికి ఒక గుణం ఉన్నది. దాని ఒక భుజం, ఆ భుజానికి రెండు కొసల కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు వాటంతట అవే తేలిపోతవి. మీరు ఇంటి దగ్గర చేసి చూడవచ్చును. మైదానంలో నూరు గజాల గీత గీయండి. ఒక కొసనుంచి చూస్తే దూరాన ఉన్న గుడి గోపురం గీతకు సరిగ్గా లంబంగా కనబడిందనుకోండి, అనగా 90 డిగ్రీలు. రెండవ కొసనుంచి 60 డిగ్రీలు కనబడిందనుకోండి. కాగితంమీద పది సెంటీమీటర్ల గీత గీసి, ఒక కొసన 90, మరొక కొసన 60 డిగ్రీల గీతలు లేపండి. అవి కలిసిన చోటే గోపురం. మొదటి కొసనుంచి దాని దూరం స్కేలుతో కొలిస్తే 17.3 సెంటీమీటర్లు వస్తుంది. అంటే గోపురం 173 గజాల దూరంలో ఉన్నది. గోపురం దాకా అడుగు వేయకుండానే దూరం తేలింది. నడుమ ఏరున్నా, ముళ్లకంచె ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక అసలు కిటుకు. ఇట్లా తేలిన కొత్త భుజమే తరువాతి త్రికోణానికి పునాది అవుతుంది. దాని రెండు కొసలనుంచి మరొక కొండను చూస్తే మరొక త్రికోణం. దానినుంచి మరొకటి. కొండనుంచి కొండకు, గోపురంనుంచి గోపురానికి కోణాలు కొలుచుకొంటూ అరటన్నుకు దగ్గరి బరువుగల పెద్ద థియొడొలైటు యంత్రాన్ని మోసుకొంటూ పోయినారు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎత్తుతుండగా తాడు జారి ఆ యంత్రం గోడకు కొట్టుకొని వంకరపోతే, లాంబ్టన్ స్వయంగా వారాల తరబడి కూర్చుని దానిని సరిచేసుకొన్నాడు. మరి ఇన్ని త్రికోణాల తరువాత లెక్క చెదరలేదని నమ్మకమేమి? అందుకు దారి ఉన్నది. కొంతదూరం పోయిన తరువాత, త్రికోణాల లెక్కతో వచ్చిన ఒక భుజాన్ని మళ్లీ గొలుసుపెట్టి కొలుస్తారు. 1804లో బెంగుళూరు దగ్గర అట్లా కొలిచి చూస్తే, ఏడు మైళ్ల గీతలో లెక్కకూ గొలుసుకూ తేడా నాలుగు అంగుళాలకు మించలేదు.

ఆ త్రికోణాల గొలుసు కన్యాకుమారి దిక్కునుంచి గుత్తి, బీదరుల మీదుగా ఉత్తరానికి పోయింది. లాంబ్టన్ 1823లో మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో, పనిలో ఉండగానే చనిపోయినాడు. ఆయన తరువాత ఎవరెస్టు దొర దానిని హిమాలయాల పాదాల దాకా నడిపించినాడు. హిమాలయ శిఖరాల ఎత్తులు లెక్కకట్టింది ఈ త్రికోణాల ఆధారంతోనే. ఆ లెక్కలలో రాధానాథ్ సిక్దర్ అనే వంగదేశీయునిది పెద్ద చేయి. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020లో ప్రకటించినది 8,848.86 మీటర్లు, అనగా 29,032 అడుగులకు చేరువ. అంత పెద్ద కొండ లెక్క, ఈ చిన్న కొండ క్రింద పరిచిన గొలుసుతో మొదలైనదన్నమాట.

లాంబ్టన్ మనసులో ఉన్న ప్రశ్న పటం ఒక్కటే కాదు. ఒక అక్షాంశపు డిగ్రీ దాటడానికి నేలమీద ఎంతదూరం పోవలెను అని. భూమి నిండు గుండ్రనైతే అన్నిచోట్లా ఒకే దూరం రావలెను. కాని మన పక్క డిగ్రీకి దాదాపు 110.6 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 111.7 కిలోమీటర్లు. బత్తాయి కాయ తొడిమ దగ్గర చదునుగా ఉంటుంది గదా. చదునైన చోట వంపు తిరగడానికి ఎక్కువ దూరం నడవవలెను. నుంగంబాకంలో గుండు ఊగి చెప్పినదీ, పరంగికొండ దగ్గర గొలుసు పరిచి మొదలుపెట్టినదీ ఒక్క మాటకే వచ్చినవి. రెండు వేరువేరు దారులలో పోయి ఒకే జవాబు వస్తే శాస్త్రంలో దానిని గట్టి సాక్ష్యంగా తీసుకొంటారు. ఇద్దరు తెలియని సాక్షులు ఒకే సంగతి చెప్పినట్లు.

ఈ రెండు చోట్లను కలిపిన ప్రయోగం మరొకటి ఉన్నది. ఆ రోజులలో పరంగికొండ దగ్గరా, సెయింట్ జార్జి కోటలోనూ పొద్దునా సాయంత్రమూ ఫిరంగి పేల్చేవారు. నుంగంబాకం నుంచి కొండ తొమ్మిది కిలోమీటర్లు, కోట నాలుగు కిలోమీటర్లకు పైన. గోల్డింగ్‌హామ్ 1820, 1821లలో నక్షత్రశాల మీదనుంచి ఫిరంగి మెరుపు కనబడిన క్షణానికీ, ధ్వని వినబడిన క్షణానికీ నడుమ కాలాన్ని లెక్కపెట్టించినాడు. వెలుగు రావడానికి పట్టే కాలం లేనట్లే. ధ్వనికి మాత్రం కొండనుంచి దాదాపు 26 సెకన్లు పట్టేది. దూరాన్ని కాలంతో భాగిస్తే ధ్వని వేగం. విశేషమేమంటే జవాబు దినదినానికీ మారేది. చలికాలంలో సెకనుకు 1100 అడుగుల దగ్గర, వేసవిలో 1150కి పైన. వేడిగాలిలో అణువులు చురుకుగా తిరుగుతవి, కబురు త్వరగా అందిస్తవి. గాలి ధ్వని వచ్చే దిక్కుకే వీస్తే ధ్వని దానిమీద ఎక్కి వస్తుంది, ఎదురు వీస్తే ఆలస్యమవుతుంది. వేడిమి, తేమ, గాలి దిక్కు అన్నీ పక్కన వ్రాసుకొన్న ఈ లెక్కలు 1823లో లండను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినవి. మనకు పనికివచ్చే ముక్క ఏమంటే, మెరుపు చూసిన తరువాత సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఉరుము మూడు సెకన్లలోపల వినబడితే మిద్దెమీద బట్టలు తరువాత తీసుకోవచ్చును, ముందు మనుషులు లోపలికి రావలెను.

మళ్లీ స్తంభం మాటకు వస్తాను. దానిమీద లాటిన్‌తోపాటు మన దేశభాషలలోనూ వ్రాత ఉన్నది. తమిళం ఉన్నది, తెలుగు ఉన్నది. వేయి సంవత్సరాల తరువాత వచ్చేవారికి కూడా, ఆసియాలో గణితశాస్త్రాలను తాము నాటిన కాలం ఫలానా అని తెలియవలెనని కట్టించినవారి కోరిక. యంత్రాలు తెచ్చినది వారే, ఆ కొలతల ఓర్పు వారిదే, ఒప్పుకొందాం. నాటినది మాత్రం వారు కాదు. నేలమీద శంకువు పాతి, వలయం గీసి, నీడతో దిక్కులు తేల్చే పద్ధతి కాత్యాయన శుల్బసూత్రాలలోనే ఉన్నది. మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా వ్రాసి, ఈ రాయి పాతడానికి ఎన్నో వందల ఏండ్లు ముందే మన బడిపిల్లలకు అందించినాడు.

రాయి వేయి ఏండ్లకని నిలబెట్టినారు. 230 ఏండ్లు దాటినవి. ఆ రోజు స్తంభం ముందు మా అమ్మాయి తమిళ వ్రాతను వేలితో చూపుతూ గడగడ చదివింది. మా మేనల్లునికి దేవనాగరి వచ్చును. పక్కనే ఉన్న తెలుగు వ్రాత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయినారు. "ఇది కన్నడమా నాన్నా?" అన్నది. ఇద్దరూ ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. మనలో చాలా ఇళ్లలో ఇదే స్థితి గదా. రాయి అరగలేదు, చదివే కళ్లు అరిగిపోతున్నవి. గొలుసు సంగతి చెప్పినాను గదా. ఒక్కొక్క పరుపులో మూడున్నర మిల్లీమీటర్లు, ఎవరికీ కనబడదు. తరం తరానికి మనం వదిలేది కూడా అంతంతే. కూడితే ఎంతవుతుందో చివరనే తెలుస్తుంది. వేడిమిని అప్పటికప్పుడు వ్రాసుకొని సరిచేసుకొన్నందువల్లనే లాంబ్టన్ గీత నిలిచింది. మా ఇంటిలో ఆదివారం పొద్దున అరగంట ఓనమాలు మొదలైనవి. షోలాపూరు కుర్రవాడు ఉత్తరాల ద్వారా నేర్చుకొంటున్నాడు. ఇప్పటికి గుణింతాల దాకా వచ్చినాడు.

చివరగా మన పాఠకులకు ఒక చిన్న పని. డిసెంబరు 25 సెలవు దినం. ఆ దినాన సూర్యుని వేళా గడియారపు వేళా దాదాపు సరిపోతవి. మిద్దెమీద చదునైన చోట రెండడుగుల కర్ర నిలువుగా నిలపండి. పొద్దున పదిన్నరకు నీడ కొసన గుర్తుపెట్టి, కర్ర మొదలు కేంద్రంగా, నీడ పొడవుతో ఒక వలయం గీయండి. నీడ కురచనై, మళ్లీ పెరిగి, మధ్యాహ్నం ఆ వలయాన్ని తాకినప్పుడు గడియారం చూసి రెండవ గుర్తు పెట్టండి. రెండు వేళలకూ సరిగ్గా నడుమ వేళ మీ ఊరి నిజమైన మధ్యాహ్నం. రెండు గుర్తులకు నడుమనుంచి కర్ర మొదలుకు గీసిన గీత ఉత్తర దక్షిణాలు. చెన్నైలో 12 గంటల 9 నిమిషాలు, బెంగుళూరులో 12-20, షోలాపూరులో 12-26, ముంబైలో 12-39, యానాంలో 12-1 ప్రాంతం రావలెను. బరంపురం వారికి పన్నెండుకు తొమ్మిది నిమిషాలు ముందే వస్తుంది. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ పోతే దిగులు లేదు. మీకు వచ్చిన వేళను ఒక కార్డుమీద పిల్లల చేత, తెలుగులోనే వ్రాయించి మన పత్రికకు పంపండి. షోలాపూరు కార్డునూ బరంపురం కార్డునూ పక్కపక్కన పెడితే 35 నిమిషాల తేడా కనబడుతుంది. దానిని నాలుగుతో భాగిస్తే రెండు ఊళ్ల నడుమ ఎన్ని డిగ్రీలో తేలుతుంది. బృహస్పతి చందమామలతో నుంగంబాకంలో చేసిన పని సరిగ్గా ఇదే.